చప్పట్లకి జాగా

పోయిన నెల జగ్గయ్యపేటలో ఒక పెళ్ళికి వెళ్ళి, భోజనాల దగ్గర పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి ఉండగా, పనసకాయ బిర్యానీ వడ్డిస్తున్న బల్ల సరిగ్గా ఒకప్పుడు సినిమా తెర ఉండే చోటే ఉందన్న సంగతి నాకు ఉన్నట్టుండి తట్టింది. ఇప్పుడు కల్యాణ మండపమైన ఆ ఆవరణ మా చిన్నప్పుడు సినిమా హాలు. పెళ్ళి కొత్తగా కట్టిన షెడ్డులో జరుగుతుంది, భోజనాలు పాత హాల్లో పెడతారు. గోడలకి గులాబీ రంగు వేశారు, పైకప్పుకి గాజు దీపాలు వేలాడదీశారు గాని నేల ఏటవాలు మాత్రం అలాగే వదిలేశారు. అందుచేత వెనకాల ఎక్కడో ఒక పెద్దాయన చేతిలోంచి జారిన లడ్డూ, కుర్చీల కిందుగా నింపాదిగా దొర్లుకుంటూ వచ్చి నా చెప్పు దగ్గర ఆగింది. దాని వెనకాలే, అదే ఏటవాలు మీదుగా, ఎప్పటిదో ఒక మధ్యాహ్నం కూడా దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగినట్టనిపించింది. లడ్డూని పక్కకి నెట్టాను. మధ్యాహ్నాన్ని నెట్టడం కుదరలేదు.

నిండా నలభై రాకుండా ఈ జ్ఞాపకాలేమిటని మా ఆవిడ అడుగుతుంది. పాటల క్యాసెట్టు ఆఖరి రోజులు చూసి, సీడీ పుట్టుక చూసి, అది పోతే దాన్ని జామచెట్టుకి వేలాడదీసి చిలకల్ని తోలిన తరం మాది. ఇన్ని చావులు చూసినవాడికి వయసుతో పనేముంది? నా ఈడు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒప్పుకుంటారు.

ఆ మధ్యాహ్నం ఆ హాల్లో వినిపించిన పాటకి బాణీ కట్టింది మా అత్తయ్య, అంటే మా నాన్నకి అక్క. నాటకాలకీ సినిమాకీ సంగీతం చేసిన మనిషి. సినిమా అన్నాను గాని అవి రెండే. రెండింటికీ బహువచనం వాడచ్చు కాబట్టి మా ఇంట్లో ఇప్పటికీ సినిమాలకి చేసిందనే చెప్పుకుంటాం.

మా తాతయ్య పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. మా వైపు దాన్ని హార్మణీ అంటారు, ముద్దొస్తే పెట్టె అంటారు. ఆ పెట్టె కొడుక్కి అప్పగించాలని ఆయన ఆశ పడ్డాడు గాని, మా నాన్నకి సిమెంటు ఫ్యాక్టరీ సైరనుకీ షడ్జమానికీ తేడా తెలిసేది కాదు. ఇప్పటికీ తెలియదు. ఆయన పూజలో గంట వాయించినా అపశ్రుతిగానే ఉంటుంది. కాబట్టి పెట్టె అక్కకి వెళ్ళింది. మా బంధువులు దీన్ని గొప్ప విప్లవంలా చెబుతారు. నిజానికి వేరే దారి లేక జరిగింది. చాలా విప్లవాలు అంతేననుకుంటాను.

అత్తయ్య మొదటిసారి నాటకానికి వాయించింది వేదాద్రిలో. తిరునాళ్ళకి నాటకం ఒప్పుకున్నాక తాతయ్యకి ఆయాసం ఎక్కువై లేవలేకపోయాడట. సాయంత్రం వేళ, కృష్ణ మీంచి వచ్చే గాలికి డేరా గుడ్డ ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే, అవతలి గట్టు పొగమంచులో చెరిపేసిన గీతలా కనబడుతుంటే, పరికిణీ ఓణీలో ఉన్న మా అత్తయ్య వెళ్ళి పెట్టె ముందు కూర్చుంది. ఇదంతా ఆవిడ చెప్పగా ఎన్నిసార్లు విన్నానో, నేను పుట్టకముందు సంగతైనా ఆ గాలి నా మొహానికి తగిలినట్టే ఉంటుంది. రాజు వేషం కట్టే ఆయన మాత్రం ఆడపిల్ల వాయిస్తే పాడనని మొండికేశాడు. అత్తయ్య వాదించలేదు. పెద్దవాళ్ళు బతిమాలి ఆయన్ని ఒప్పించాక, ఆయన అడిగిన శ్రుతి కంటే ఒక మెట్టు కిందది ఇచ్చింది. ఆయన రాగం ఎత్తితే ఎన్నడూ అందని పై స్వరాలు చెట్టుకి కాసిన జామకాయల్లా చేతికందాయి. తన గొంతు ఆ రోజు దైవానుగ్రహం వల్ల విచ్చుకుందని ఆయన నమ్మాడు. ఆ తరవాత అత్తయ్య పెట్టె లేనిదే వేషం కట్టలేదు. అనుగ్రహించింది ఎవరో ఆయనకి కడదాకా తెలియదు.

తరవాత ఆవిడకి నందిగామలో ఒక బళ్ళో సంగీతం టీచరు ఉద్యోగం వచ్చింది, జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ తబలా వాయించే మా మావయ్యతో పెళ్ళీ అయింది. పెళ్ళిచూపుల్లో ఆవిడ పాడితే ఆయన టీపాయ్ మీద దరువేశాడట. తాళం కుదిరింది, జాతకాలు కుదరలేదు. తాతయ్య జాతకాలు చుట్టి పక్కన పెట్టించాడు. జాతకంలో రాసిన గొడవలన్నీ తరవాత వరసగా వచ్చాయి, తాళం మాత్రం తప్పలేదు. వాళ్ళ పోట్లాటలు కూడా ఆది తాళంలో నడిచేవి. అత్తయ్య రెండు మాటలు అనేది, మావయ్య అందులో సగం వేగంతో ఒక మాట అనేవాడు, సరిగ్గా తాళం ఒక చుట్టు తిరిగొచ్చే సమం దగ్గర ఇద్దరూ ఆగిపోయేవాళ్ళు. అప్పుడు ఎవరో ఒకరు లేచి కాఫీ పెట్టేవారు.

ఈ ఆగడం గురించే నేను చెప్పాలనుకున్నది. పద్య నాటకం చూసినవాళ్ళకి తెలుసు, నటుడు పద్యం చివర రాగం తీసి, తీసి, గాలిలో ఎక్కడో వదిలేస్తే జనం చప్పట్లు కొడతారు, ఈలలు వేస్తారు, వన్స్ మోర్ అంటారు. అప్పుడు చచ్చిపడున్న రాజు కూడా లేచి, దుమ్ము దులుపుకుని, చావు పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. అందుకని పక్కన వాయించేవాళ్ళు పద్యం అయిపోగానే తరవాతి దాన్ని అందుకోరు. కాస్త ఖాళీ వదులుతారు. మా అత్తయ్య దాన్ని జాగా అనేది. చప్పట్లకి జాగా. తెలంగాణ సరిహద్దు పక్కనే కాబట్టి మా ఊళ్ళో చోటునీ జాగా అంటారు, ఇంటి స్థలాన్నీ జాగా అంటారు. ఎవరిదైనా జాగాలోకి చొరబడితే కోర్టు కేసవుతుందని, పాటలో అయినా అంతేనని అత్తయ్య అనేది.

నాటక పరిషత్తు పోటీలకి సాంఘిక నాటికలు వచ్చి, వాటిలో ఆవిడ సొంతంగా బాణీలు కట్టడం మొదలుపెట్టినప్పుడు కూడా ఈ అలవాటు పోలేదు. పల్లవి అవగానే, చరణం ఎత్తుకోబోయే ముందు, అత్తయ్య పెట్టె తిత్తి మీంచి చెయ్యి తీసేసేది. మావయ్య తబలా మీంచి చేతులెత్తి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకునేవాడు. తుడవడం అయిపోతే జాగా అయిపోయినట్టు. గడియారం లేదు, లెక్క లేదు. అందుచేత ఎండాకాలం జాగా పెద్దది, చలికాలం చిన్నది. మే నెలలో మైలవరంలో ఆడిన నాటికలో జాగా ఎంత పెద్దదంటే, ముందు వరసలో ఒకాయన చప్పట్లు కొట్టి, లేచి, బయట సోడా తాగి వచ్చాడని నేను చెబుతుంటాను. కొంచెం పెంచి చెబుతున్నాను. సోడా తాగలేదు, కొనుక్కుని వచ్చాడు.

ఇంత పేరొచ్చినా అత్తయ్యకి ఒక కోరిక మిగిలే ఉండేది. మగవాళ్ళయితే పెట్టె సంకనేసుకుని ఏ ఊరు పిలిస్తే ఆ ఊరు వెళ్ళేవాళ్ళు. ఆవిడ బడి సెలవులు, మావయ్య షిఫ్టులు, ఇంట్లో అత్తగారి మోకాళ్ళు, ఈ మూడూ కుదిరిన రోజే వెళ్ళగలిగేది. కాబట్టి ఆవిడ ప్రపంచం అటు జగ్గయ్యపేట, ఇటు మైలవరం, దిగువకి కృష్ణ ఒడ్డు. సాయంత్రం నందిగామ బస్టాండులో మావయ్య వచ్చే బస్సు కోసం నిలబడి, ఆగకుండా వెళ్ళిపోయే దూరపు బస్సుల బోర్డులు చదువుతూ ఉండేది. ఏదో ఒకనాటికి తను వెళ్ళలేని ఊళ్ళకి తన పాట వెళ్ళాలని ఆశ. పైకి ఎవరితోనూ అనేది కాదు. బోర్డులు చదివేటప్పుడు పెదాలు కదిలేవి, అంతే. నేను ఆ రోజుల్లో ఇంజనీరింగు పూర్తి చేసి, ఉద్యోగం వెతుక్కుంటున్నట్టు నటిస్తూ, ఆవిడ నాటికలకి కీబోర్డు వాయించేవాణ్ణి. వయొలినూ నేనే, వేణువూ నేనే, వీణా నేనే. మూడూ ఒకేలా ఉంటాయని అత్తయ్య మెచ్చుకునేది. మెచ్చుకోలే అని నేను అనుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో నందిగామ పరిషత్తులో మా నాటిక చూసిన ఒక మిర్చి వ్యాపారి సినిమా తీస్తానని వచ్చాడు. సంగీతం అత్తయ్యే చెయ్యాలన్నాడు. దర్శకుడు నా వయసు వాడే, మనిషి మంచివాడు. గడ్డం మాత్రం అనుభవజ్ఞుడిది. పాటలు కట్టడానికి ఆ వ్యాపారి మాకు తన గిడ్డంగి మీది గది ఇచ్చాడు. కింద ఆవరణంతా మిరపకాయలు ఆరబోసి ఉండేవి. ఉదయం పూట కిటికీలోంచి చూస్తే నేల మీద ఎర్రటి మేఘమేదో దిగి పడుకున్నట్టుండేది. దాని మీద ఆడవాళ్ళు తలకి గుడ్డలు చుట్టుకుని కలలో మనుషుల్లా మెల్లగా కదిలేవాళ్ళు. ఆ దృశ్యానికి మైమరచి అత్తయ్య ఆలాపన ఎత్తుకునేది, రెండో స్వరం దగ్గర దగ్గొచ్చేది. గదిలో అందరం వంతులవారీగా దగ్గేవాళ్ళం. ఒక పాట మొదట్లో అత్తయ్య పొడిదగ్గుని దర్శకుడు కొత్తరకం గమకం అనుకుని, అదలాగే ఉంచమని బతిమాలాడు.

ఆ దగ్గుల మధ్యే ఆవిడ తన అన్ని బాణీల్లోకీ మంచిది కట్టింది. వేదాద్రి దగ్గర పొద్దుటి పూట పడవలో వెళ్తున్న అమ్మాయి పాడే పాట. ఆ బాణీ గురించి హాస్యమాడబుద్ధి కాదు నాకు. నీళ్ళ మీద మంచు తొలగుతున్నట్టు ఒక్కొక్క స్వరమే విచ్చుకునేది. పల్లవి తిరిగి వచ్చి ఒడ్డుకి తగిలినట్టు ఆగేది. అక్కడ జాగా. ఆ తరవాత చరణం, తెడ్డు మళ్ళీ నీళ్ళలో దిగినట్టు.

రికార్డింగుకి హైదరాబాదు వెళ్ళాం. గాజు గదిలో మేము, అద్దానికి అవతల కంప్యూటరు ముందు ఇంజనీరు కుర్రాడు. పాట అయ్యాక అతను మైకులో, మేడం, ఇక్కడ గీత పడిపోయిందండి అన్నాడు. తెర మీద పాటంతా గరిక గట్టులా ఎగుడుదిగుడుగా ఉంది, జాగా దగ్గర మాత్రం తిన్నటి గీత. అత్తయ్య అద్దం దగ్గరకి వెళ్ళి దాన్ని కాసేపు చూసింది. తన జాగా ఎలా ఉంటుందో ఆవిడ చూడటం అదే మొదలు.

“పడిపోలేదు బాబూ, కూర్చుంది” అంది.

దర్శకుడు అక్కడ వేణువు వేద్దామన్నాడు, నేను నా కీబోర్డు వేణువుతో సిద్ధంగానే ఉన్నాను గాని ఆవిడ నావైపు చూసిన చూపుకి మీట మీంచి వేలు తీసేశాను. అది చప్పట్లకని మావయ్య వివరించాడు. అలాగయితే తన దగ్గర రికార్డు చేసిన చప్పట్లున్నాయని, చిన్న సభవి కావాలా పెద్ద సభవి కావాలా అని ఇంజనీరు ఎంతో మర్యాదగా అడిగాడు. చివరికి జాగా జాగాగానే ఉండాలని తేలి మళ్ళీ వాయించారు. అక్కడే జరగకూడనిది జరిగింది. ఆ గదిలో ఏసీ. మావయ్య జన్మలో ఏసీలో తబలా వాయించలేదు. అలవాటుగా చేతులెత్తి తువ్వాలు తీశాడు, మొహాన చెమట లేదు. లేని చెమటని ఎంతసేపు తుడవాలో తెలియని కంగారులో ఆయన నుదురు తుడిచి, మెడ తుడిచి, చెవుల వెనక తుడిచి, అప్పటికీ అనుమానం తీరక కళ్ళద్దాలు కూడా తుడిచి అప్పుడు తబలా మీద చెయ్యి వేశాడు. అది చాలా బాగా వచ్చిందని అందరూ అన్నారు. మే నెల మైలవరం జాగా కంటే పెద్దది ఆ పాటలో పడిందని ఎవరం గమనించలేదు.

సినిమా విడుదల రోజు మధ్యాహ్నం ఆటకి జగ్గయ్యపేటలో మా బంధువులు, నాటకాల వాళ్ళు, బళ్ళో పిల్లలు అందరూ హాలు నింపేశారు. మా నాన్న కొత్త చొక్కా వేసుకుని, పాటలన్నీ తనే కట్టినంత వినయంగా అందరికీ నమస్కారాలు పెట్టాడు. అత్తయ్య మాత్రం పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. దానికి కారణం బాల్కనీలో కూర్చునున్నాడు. మిర్చి వ్యాపారికి స్నేహితుడైన హైదరాబాదు నిర్మాత ఒకాయన, పెద్ద సినిమాలు తీసేవాడు, పాట జనంలో ఎలా ఉంటుందో చూసి, నచ్చితే అత్తయ్యకి తన తరవాతి సినిమా ఇస్తానని వచ్చాడు. ఆయన సినిమా అంటే శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఆడుతుంది. బోర్డులు చదివే మనిషికి ఆ మాట ఎలా వినబడి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఆయన చేతిలో సమోసా పొట్లం ఉంది. అత్తయ్య తెర వైపు కాక మాటిమాటికీ వెనక్కి తిరిగి ఆ పొట్లం వైపు చూస్తోంది.

పాట వచ్చింది. తెర మీద కృష్ణ, మంచు, పడవ. హాలంతా ఎవరో దుప్పటి కప్పినట్టు సద్దుమణిగింది. నా పక్కన ఒక ముసలి నటుడు కళ్ళు మూసుకున్నాడు, అంతకు ముందు వరసలో ఒక పాప తల్లి భుజం మీద తల వాల్చింది. ఆ కాసేపు మేమందరం ఆ పడవలోనే ఉన్నాం. పల్లవి తిరిగి వచ్చి ఒడ్డుకి తగిలి ఆగింది.

మావయ్య నుదురు తుడుచుకున్నంత సేపూ బాగానే ఉంది. నాటకాల వాళ్ళు జాగా గుర్తుపట్టి చప్పట్లు కూడా మొదలెట్టారు. ఆయన మెడ దగ్గరకి వచ్చేసరికి చప్పట్లు అయిపోయాయి. చెవుల వెనక తుడిచే వేళకి జనం తలలు తిప్పి ప్రొజెక్టరు గది వైపు చూశారు. మన హాళ్ళలో పాట మధ్య చప్పుడు ఆగిపోతే దానికి ఒకటే అర్థం ఉంది కదా.

“ఒరేయ్ ఆపరేటరూ, నిద్రపోతున్నావా? సౌండేదిరా!”

ఒకడు అరిస్తే హాలంతా అందుకుంది. ఈలలు, కాళ్ళతో దరువులు. మా బళ్ళో పిల్లలు టీచరుగారి సినిమా అన్న భక్తితో ఇంకాస్త గట్టిగా అరిచారు. పాపం ఆపరేటరు, అతనికి జాగా సంగతేం తెలుసు, కంగారుపడి సౌండు మరను చివరిదాకా తిప్పేశాడు. సరిగ్గా అప్పుడే పాట లెక్కలో మావయ్య కళ్ళద్దాలు తుడవడం పూర్తయింది. తెడ్డు నీళ్ళలో దిగినట్టుండాల్సిన చరణం క్వారీలో మందుపాతర పేలినట్టు దిగింది. పాప ఏడ్చింది, ముసలి నటుడు కళ్ళు తెరిచాడు, బాల్కనీలో సమోసా పొట్లం గాల్లోకి లేచింది.

ఆట విడిచాక నిర్మాత పంచె మీది చట్నీ మరక తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. ఆయన్ని నేను దుర్మార్గుడిలా చూపిస్తే కథ బాగా రక్తి కడుతుంది గాని, మనిషి పెద్దమనిషి తరహాలోనే మాట్లాడాడు. పాట చాలా బాగుందన్నాడు, తనకి కూడా పడవలో ఉన్నట్టే ఉందన్నాడు. ఆ ఖాళీలు తీసేసి చేసిస్తానంటే తరవాతి సినిమా ఆవిడదేనన్నాడు.

అత్తయ్య పెదాలు తడుపుకుంది. “ఖాళీ కాదండీ, జాగా. పాటంతా మనమే ఆక్రమించేస్తే, పాపం వినేవాళ్ళెక్కడ కూర్చుంటారండీ?”

“టిక్కెట్టు కొన్నారు కదమ్మా” అన్నాడాయన, ఏమాత్రం వెటకారం లేకుండా, “సీట్లో కూర్చుంటారు.”

ఇంత సబబైన జవాబు వస్తుందని ఆవిడ అనుకోలేదు. ముందు నవ్వింది, తరవాత కళ్ళు తుడుచుకుంది, తరవాత ఒప్పుకుంది. ఇంటికొచ్చాక మావయ్య తువ్వాలు మడిచి, తప్పంతా తన చెవుల వెనకదేనని వాపోతే, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయనతో పోట్లాడకుండా ఊరుకుంది. ఆది తాళం లేని ఆ నిశ్శబ్దానికి మాకు భయం వేసింది.

బడికి జీతం లేని సెలవు పెట్టి అత్తయ్య హైదరాబాదు వెళ్ళింది. సాయంగా నేను వెళ్ళాను. సంవత్సరం పాటు ఖాళీలేని పాటలు కట్టింది. జాగా రాబోయే చోట తనే అలవాటుగా ఆగి, అంతలోనే ఉలిక్కిపడి, అక్కడ నా కీబోర్డు వేణువు వాయించమనేది. మంచి మేళం కుదిరింది, సినిమా ఆడింది. అందులో ఒక పాట ఫోన్లలో రింగుటోనైంది. మీకు గుర్తుందా, అప్పట్లో మనం ఫోను మోగితే పక్కవాళ్ళకి వినిపించాలని కావాలనే ఆలస్యంగా ఎత్తేవాళ్ళం. ఆ పాట అన్ని ఊళ్ళకీ వెళ్ళింది. అత్తయ్య కోరిక తీరినట్టే. దూరపు ఊరి నుంచి ఎవరైనా చుట్టం ఫోను చేసి, ఇక్కడ కూడా మోగుతోంది అని చెబితే ఆవిడ ఆ ఊరి పేరు ఒకసారి పైకి అనుకుని మురిసిపోయేది.

ఆ పాటకి బెజవాడలో ఏదో సన్మానం చేస్తే వెళ్ళి, ఇద్దరం బస్సులో నందిగామ వస్తున్నాం. కీసర టోల్‌గేటు దగ్గర బస్సు ఆగింది. మసక వెలుతురు, వరసగా లారీల ఎర్ర దీపాలు, కిటికీలోంచి వరిగడ్డి కాలిన వాసన. మా ముందు సీటులో ఒకాయన జేబులో అత్తయ్య పాట మోగింది. ఆవిడ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. ఆయన ఫోను తీసి, నంబరు చూసి, చేతిలో అలాగే ఉంచుకున్నాడు. పల్లవి సాగుతోంది. అత్తయ్య ముందుకి వంగి, ఊపిరి బిగబట్టి, పరీక్ష ఫలితాలు వినే పిల్లలా ఉంది. పల్లవి చివరికి రాకుండానే ఆయన మీట నొక్కి, హలో, కీసరలో ఉన్నా, వచ్చేస్తున్నా అన్నాడు.

ఆవిడ వెనక్కి వాలింది. బస్సు కదిలి, టోల్‌గేటు దీపాలు వెనకబడ్డాయి.

“ఎంతెంత దూరమో వెళ్తోందిరా పాట. ఎక్కడా కాసేపు కూర్చోవట్లేదు” అంది అప్పుడు.

టోల్‌గేటు దగ్గర ఎవరు కూర్చోబెడతారత్తయ్యా అన్నాను నేను. ఆవిడ గట్టిగా నవ్వింది, పక్క సీట్లవాళ్ళు తిరిగి చూసేంత. నందిగామలో దిగి, ఇంటికి వెళ్ళి, ఇక హైదరాబాదు వెళ్ళలేదు. అలక లేదు, శపథం లేదు. మర్నాడు పొద్దున బడికెళ్ళి పిల్లలకి సరళీ వరసలు చెప్పింది. అద్దె గది ఖాళీ చేసి సామాను తేవడానికి మావయ్య వెళ్ళాడు. నిర్మాత ఇంకో సినిమాకి కబురు చేస్తే, తనకి ఇక్కడ జాగా ఉందని చెప్పించింది. ఆయన అది ఇంటి స్థలం సంగతనుకుని, కట్టడం మొదలుపెట్టినప్పుడు చెప్పమని, శంకుస్థాపనకి వస్తానని ఫోను చేశాడు.

ఆ తరవాత చాలా ఏళ్ళు పరిషత్తు నాటికలకి ఆవిడ బాణీలు కట్టింది. జాగాలతో సహా. ఒక్కోసారి చప్పట్లు వచ్చేవి, ఒక్కోసారి వచ్చేవి కావు. రాని రోజు కూడా అంతే సేపు ఆగేది. హైదరాబాదులో ఉండిపోయింది నేను. ఇప్పుడు టీవీ సీరియళ్ళకి వెనక సంగీతం వేస్తుంటాను. అత్తగారు తల తిప్పితే ఒక దెబ్బ, కోడలు తిప్పితే ఇంకో దెబ్బ, ఎవరూ తిప్పకపోతే గాలి హోరు. ఎక్కడా రెప్పపాటు ఖాళీ ఉండకూడదు, ఉంటే జనం చానలు మార్చేస్తారని మాకు చెబుతారు. మా అత్తయ్య జన్మంతా ఏది వదిలిందో అది నింపి నేను బతుకుతున్నాను. దీన్ని తలచుకుని బాధపడాలా అని చాలాసార్లు అనుకున్నాను గాని, ఎపిసోడ్లు రోజూ ఉండటం వల్ల తీరిక దొరకలేదు.

పెళ్ళి భోజనం అయ్యాక ఆ రోజు సాయంత్రం నందిగామ వెళ్ళాను. అత్తయ్య కుర్చీలో కాళ్ళు చాపుకుని నా సీరియలే చూస్తోంది, శబ్దం పూర్తిగా తగ్గించి. ఏమిటత్తయ్యా ఇది అంటే, నీ మ్యూజిక్ వినబడకపోతే చాలా బాగుంటుందిరా నాయనా అంది. నా పని మీద ఇంత మర్యాదగా వచ్చిన విమర్శ ఇంకోటి లేదు.

చాలాసేపు కూర్చున్నాం. ఇప్పుడు నాటకాలకి పెట్టె పట్టుకుని ఎవరూ వెళ్ళక్కర్లేదట, సంగీతమంతా పెన్‌డ్రైవులో పెట్టి ఇచ్చేస్తారట. నటుడు రాగం ఎంత బాగా తీసినా, అది ఆగమన్న చోట ఆగాలి, నడవమన్న చోట నడవాలి. జనం వన్స్ మోర్ అంటే పెన్‌డ్రైవుకి వినబడదు. అనేవాళ్ళూ తగ్గారులే, చప్పట్లకి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఒక చేతిలో ఫోనుంటోంది కదా అంది అత్తయ్య. ఫిర్యాదులా అనలేదు, వాన తగ్గిందన్నట్టు అంది. నాకే ఏదోలా అనిపించింది. ఒక హాలు నిండా మనుషులు ఒకేసారి ఊపిరి బిగబట్టి ఒకేసారి వదలడం నా ఈడు వాళ్ళం చూశాం. ఇప్పుడు పాట ఎవరి చెవిలో వాళ్ళకి మోగుతోంది. బాగా మోగుతోంది కూడా. అంత స్పష్టంగా ఆ పాత హాల్లో ఏనాడూ వినబడలేదు.

తెర మీద ఎవరో కోడలు చప్పుడు లేకుండా ఏడుస్తోంది. కిటికీ అవతల పొద్దు వాలింది. అత్తయ్య ఎవరికోసమూ కాకుండా, పడవ పాట సన్నగా తీసింది. గొంతు అక్కడక్కడా గీరుకుపోయింది గాని మంచు అలాగే ఉంది, నీళ్ళు అలాగే ఉన్నాయి. పల్లవి తిరిగి వచ్చి, ఒడ్డుకి తగిలి, ఆగింది. నేను చప్పట్లు కొట్టాలా వద్దా అని సిగ్గుపడుతూ తేల్చుకునేలోపు, వంటింట్లో మావయ్య పప్పు పెట్టిన కుక్కరు పొడుగ్గా ఒక ఈల వేసింది.

అత్తయ్య తల కొంచెం అటు వంచి, దాన్ని పూర్తిగా వెయ్యనిచ్చి, అప్పుడు చరణం అందుకుంది.